నడిస్తే పింఛను పోతుందా?

వైకల్య నిర్ధారణ పరీక్షల వెనుక కుటుంబాలు మోసే ఖర్చు, బాధ. మనం చేయగలిగిన సాయం

ఒక సోమవారం ఉదయం మా ఫిజియోథెరపీ గదిలో జరిగిన సంగతి ఇది. చిన్నతనంలో పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయిన ఒకాయన భార్యతో కలిసి వచ్చారు. వయస్సు నలభై దాటి ఉంటుంది. అంతకు ముందు కొలతలు తీసుకున్న కాలిపర్ తయారై వచ్చింది. అది తొడిగి, బెల్టులు బిగించి, రెండు కడ్డీల మధ్య నిలబెట్టాం. మోకాలి మీద చేయి ఆన్చకుండా నడవడం ఆయనకు చాలా కాలం తరువాత అదే మొదటిసారి. ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు నడిచారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

భార్య మాత్రం నవ్వలేదు. పక్కకు పిలిచి మెల్లగా అడిగింది: "సిస్టరమ్మా, ఈయన ఇట్లా నడుస్తున్నారని తెలిస్తే పింఛను తీసేస్తారా? వచ్చే నెలలో మళ్లీ క్యాంపుకు రమ్మని కాగితం వచ్చింది."

ఆ రోజు ఆయన కాలిపర్ తొడుక్కుని ఇంటికి వెళ్లలేదు. గోనె సంచిలో పెట్టి పట్టుకుపోయారు.

ప్రియ పాఠకులారా, ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. ఆసుపత్రిలో మేము రోగికి చెప్పే మాట "నువ్వు చేయగలవు" అని. పింఛను కోసం జరిగే పరీక్షలో అదే మనిషి "నేను చేయలేను" అని రుజువు చేసుకోవాలి. ఈ రెండు మాటల మధ్య నలిగిపోతున్న కుటుంబాలు మన సంఘాలలోనూ, మన వీధులలోనూ ఉన్నాయి. అందుకే ఈ సంచికలో ఈ విషయం గురించి వివరంగా రాస్తున్నాం.

పర్సెంటేజీ అంటే ఏమిటి?

మన ప్రాంతంలో అందరి నోటా వినిపించే మాట "సదరం సర్టిఫికెట్". ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 ప్రాంతంలో వైకల్య పరీక్షలను, ధృవపత్రాలను కంప్యూటరుతో ముడిపెట్టి ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. అంతకు ముందు చేతిరాత సర్టిఫికెట్లు ఉండేవి. వాటిలో ఒక డాక్టరు రాసినదానికీ, మరొక డాక్టరు రాసినదానికీ పొంతన ఉండేది కాదు. ఆ తేడాలను తగ్గించడం సదరం ఉద్దేశం.

ప్రస్తుతం దేశమంతటికీ వర్తించేది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో 7 రకాల వైకల్యాలు ఉండగా, కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా, పార్కిన్‌సన్స్ జబ్బు, ఆటిజం, యాసిడ్ దాడి గాయాలు మొదలైనవి ఇందులో చేరాయి. కుష్ఠు నయమైనా చేతులు, పాదాలలో వైకల్యం మిగిలిపోయినవారు కూడా ఈ చట్టం కిందికి వస్తారు.

చాలా ప్రయోజనాలకు గీత 40 శాతం దగ్గర ఉంది. 39 వస్తే ఏమీ లేదు, 40 వస్తే అన్నీ ఉన్నాయి అన్నట్లు ఉంటుంది పరిస్థితి. ఈ అంకె ఎలా వస్తుందో తెలియకపోవడం వల్ల చాలామంది నిరాశపడతారు, అనుమానపడతారు. కాబట్టి కొన్ని ఉదాహరణలు చెబుతాం.

చూపు: కళ్లద్దాలతో సరిచేసిన తరువాత మిగిలిన చూపును కొలుస్తారు. ఒక కన్ను పూర్తిగా పోయినా, రెండవ కన్ను బాగా ఉంటే మార్గదర్శకాల ప్రకారం 30 శాతమే వస్తుంది. ఆ మనిషి ఎంత కష్టపడుతున్నా పింఛను గీత దాటలేరు.

వినికిడి: ఆడియోమెట్రీ పరీక్ష చేస్తారు. చిన్నపిల్లలకు, సరిగా జవాబు చెప్పలేనివారికి బెరా పరీక్ష అవసరమవుతుంది.

కాళ్లు, చేతులు: కీళ్లు ఎంతవరకు కదులుతున్నాయి, కండరాలలో బలం ఎంత ఉంది, నిలకడ ఎంత అని చూస్తారు. రెండు అవయవాలలో లోపం ఉంటే అంకెలను ఊరికే కూడరు. ఒకదానికి 40, మరొకదానికి 30 వస్తే మొత్తం 70 అని అందరూ అనుకుంటారు. సూత్రం ప్రకారం లెక్క వేస్తే అది సుమారు 57 అవుతుంది.

మానసిక వ్యాధి: తన పనులు తాను చేసుకోవడం, ఇతరులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయగలగడం అనే నాలుగు అంశాలనూ, జబ్బు ఎంత కాలంగా ఉందనే విషయాన్నీ కలిపి లెక్కిస్తారు. ఇక్కడ ఇంటివారు చెప్పే సంగతులు చాలా ముఖ్యం. మందులు వేసుకుని, తల దువ్వుకుని వచ్చిన రోజున ఆ మనిషిలో జబ్బు పైకి కనపడకపోవచ్చు.

మొదట అడిగిన ఆమె ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పోలియో వచ్చిన కాలి కండరానికి కాలిపర్ బలం తెచ్చిపెట్టదు. అది ఆసరా మాత్రమే. కర్ర పట్టుకుని నడిచేవారి చేతిలో నుంచి కర్ర తీసేసినట్లే, కాలిపర్ విప్పితే కాలు ఎప్పటిలాగానే ఉంటుంది. డాక్టరు కొలవవలసినది ఆ కాలిని. ఆ మాటే ఆమెకు చెప్పాం. కానీ క్యాంపులో వందమంది వరుసలో నిలబడి ఉన్నప్పుడు, డాక్టరు దగ్గర ఉన్న సమయం రెండు మూడు నిమిషాలే అయినప్పుడు, "నడుచుకుంటూ వచ్చాడు కదా" అని రాసేస్తారేమోనన్న భయం మన మాటతో పోదు.

అంకె వెనుక ఉన్న డబ్బు

పరీక్ష అంటే ఎందుకింత భయం? పింఛను మీద ఆధారపడిన ఇల్లు కాబట్టి. 2014లో రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను నెలకు 1,000 రూపాయలు, 80 శాతం దాటినవారికి 1,500 ఉండేది. అది పెరుగుతూ వచ్చి 3,000 అయింది. 2024 జూలై నుంచి 6,000 రూపాయలు చేశారు. మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో 2023 జూలైలో ఈ పింఛనును 4,016 రూపాయలకు పెంచారు. కేంద్ర ప్రభుత్వం ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం కింద ఇచ్చే వాటా 2012 నుంచి నెలకు 300 రూపాయలే. అది కూడా పేద కుటుంబాలలో 80 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికి మాత్రమే.

మొత్తం పెరిగినకొద్దీ రెండు జరిగాయి. నిజంగా అవసరమైనవారి ఇంట్లో బియ్యం, మందులు, పిల్లల ఫీజు ఆ డబ్బుతోనే గడవసాగాయి. మరొక వైపు, అర్హత లేనివారు డబ్బు ఇచ్చి దొంగ సర్టిఫికెట్లు సంపాదించారన్న ఫిర్యాదులు పెరిగాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో పింఛనుదారులందరి వైకల్యాన్ని మళ్లీ పరిశీలించడం మొదలుపెట్టింది. మంచాన ఉన్నవారి ఇళ్లకు వైద్య బృందాలను పంపింది, మిగిలినవారిని ఆసుపత్రులకు రమ్మంది. 2025 ఆగస్టులో శాతం తగ్గిందంటూ పెద్ద సంఖ్యలో నోటీసులు వెళ్లాయి. ఎన్నో ఏళ్లుగా పింఛను తీసుకుంటున్నవారు ఒక్కసారిగా అనర్హులమని తెలిసి రోడ్డెక్కారు. ఆందోళనలు రావడంతో, నోటీసులు అందుకున్నవారికి పింఛను కొనసాగిస్తామనీ, అప్పీలు చేసుకుంటే మళ్లీ పరీక్ష చేస్తామనీ ప్రభుత్వం ప్రకటించింది.

ఈ పరిశీలన అవసరం లేదని మేము అనడం లేదు. దొంగ సర్టిఫికెట్టు తీసుకున్నవాడు ప్రభుత్వాన్ని మోసం చేయడంతో ఆగడు. నిజమైన వికలాంగుడి మీద అందరికీ అనుమానం కలిగేలా చేస్తాడు. మోసంతో వైకల్య ప్రయోజనాలు పొందినవారికి 2 సంవత్సరాల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చని 2016 చట్టమే చెబుతోంది. ఎవరైనా "ఇంత ఇస్తే పర్సెంటేజీ రాయిస్తాను" అంటే నమ్మకండి, ప్రోత్సహించకండి. మా ప్రశ్న వేరు. ఈ పరిశీలనకు అయ్యే ఖర్చును ఎవరు మోస్తున్నారు?

ఒక ఇంటి లెక్క

కాగితం మీద లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. మీ ఊరిని బట్టి అంకెలు మారతాయి. సొంతంగా నడవలేని కొడుకును ఒక తల్లి జిల్లా కేంద్రంలోని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మొదటి రోజు పరీక్షకు, మరొక రోజు రిపోర్టులతో బోర్డు ముందుకు, అంటే రెండు ప్రయాణాలు. ఆడవారికి బస్సు ఉచితమే అయినా, కొడుకును ఎత్తి బస్సులో ఎక్కించడం ఆమె ఒక్కతి వల్ల కాదు. కాబట్టి తండ్రి కూడా వెళ్లాలి, ఆటో మాట్లాడుకోవాలి.

ఇద్దరికీ రెండేసి రోజులు కూలి పోతుంది. 2025-26లో మన రెండు రాష్ట్రాలలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నాలుగు కూలి దినాలకు 1,228. రెండుసార్లు ఆటోకు 2,000 అనుకుందాం. ముగ్గురి తిండికి 400, ఫొటోలు, జిరాక్సులకు 150. మొత్తం 3,778 రూపాయలు. కేంద్రం ఏడాది మొత్తానికి ఇచ్చే వాటా 3,600 కంటే ఇది ఎక్కువ. ప్రైవేటులో స్కానింగో, మరో పరీక్షో చేయించుకుని రమ్మంటే ఆ డబ్బు వేరు. డాక్టరు సెలవులో ఉన్నారనో, సర్వర్ పనిచేయడం లేదనో తిప్పి పంపితే ఈ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ డబ్బు ఏ ప్రభుత్వ లెక్కలోనూ కనపడదు. ఎందుకంటే దీనిని ఖర్చు పెట్టింది ప్రభుత్వం కాదు, అందరికంటే తక్కువ ఉన్న ఇల్లు.

వికలాంగుల జీవితానికి మామూలుగానే ఖర్చు ఎక్కువ. డైపర్లు, మందులు, తోడుగా ఒక మనిషి, వేరే బండి. ఈ సంగతి చట్టానికీ తెలుసు. అందుకే సామాజిక భద్రతా పథకాలలో ఇతరులకు ఇచ్చేదానికంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని అందులో రాశారు. అలా ఎక్కువ ఇచ్చినదాన్ని పరీక్షల చుట్టూ తిరగడానికే ఖర్చు పెట్టిస్తే ఆ ఉద్దేశం నెరవేరదు.

రూపాయలలో చెప్పలేని ఖర్చు

మా దగ్గరకు వచ్చే కుటుంబాలు డబ్బు సంగతి తరువాత చెబుతారు. ముందు చెప్పేది అవమానం గురించి.

మనిషి సహజంగా తన బలహీనతను దాచుకుంటాడు. కాలు ఈడుస్తున్నా పండుగ రోజున మంచి బట్టలు వేసుకుని నలుగురిలోకి వస్తాడు. పరీక్ష రోజున మాత్రం తన లోపాలన్నీ ఒక్కొక్కటిగా విప్పి చూపించాలి. మరుగుదొడ్డికి ఎవరు తీసుకెళ్తారు, స్నానం ఎవరు చేయిస్తారు అని అందరూ వింటుండగా చెప్పాలి. ఎదిగిన ఆడపిల్లల విషయంలో తల్లులు పడే బాధ చెప్పనలవి కాదు. "మా అమ్మాయి ముందే నేను, దీనికి ఏమీ తెలియదు సార్, ఏమీ చేతకాదు సార్ అని చెప్పాల్సి వచ్చింది. అది నా ముఖం చూసింది" అని ఒక తల్లి మా దగ్గర కంటతడి పెట్టుకుంది. ఆ అమ్మాయి ఆ ఏడాదే తన జడ తాను వేసుకోవడం నేర్చుకుంది.

ఇంకొక నష్టం వైద్యానికి సంబంధించినది. శాతం తగ్గుతుందన్న భయంతో కొందరు వ్యాయామాలు మానేస్తారు. వినికిడి యంత్రం పెట్టెలోనే ఉంచుతారు. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారు చేయి కదలడం మొదలైతే సంతోషించడానికి బదులు కంగారు పడతారు. దయచేసి ఇలా చేయకండి. వాడని కీలు బిగుసుకుపోతుంది, వాడని కండరం కరిగిపోతుంది. పింఛను తిరిగి రావచ్చు గానీ, బిగుసుకుపోయిన మోకాలు ఆపరేషన్ లేకుండా తిరిగి రాకపోవచ్చు. వినికిడి శక్తిని ఎలాగూ యంత్రం తీసేసి కొలుస్తారు. కాబట్టి యంత్రం వాడడం వల్ల నష్టం లేదు.

నోటీసు వచ్చిన తరువాత ఫలితం తేలేవరకు గడిచే రోజులు అన్నిటికంటే కష్టమైనవి. నిద్ర ఉండదు, అన్నం దిగదు. బీపీ, షుగర్ అదుపు తప్పినవారిని మేము చూశాం. మానసిక వ్యాధి ఉన్నవారిలో జబ్బు తిరగబెడుతుంది.

బ్రిటన్ నేర్చుకున్న పాఠం

ఇటువంటి బాధను మన దగ్గర ఇంటి మాటగానే చెప్పుకుంటాం. బ్రిటన్‌లో దీనిని పరిశోధకులు అంకెలలో చూపించే ప్రయత్నం చేశారు. అక్కడ 2008లో, జబ్బు వల్ల పని చేయలేనివారికి ఇచ్చే భృతి కోసం "పని సామర్థ్య పరీక్ష" అనే కొత్త పద్ధతి తెచ్చారు. పరీక్షలు చేసే బాధ్యతను ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. 2010 నుంచి 2013 వరకు ఇంగ్లండ్‌లో, అప్పటికే భృతి తీసుకుంటున్న 10 లక్షల మందికి పైగా మళ్లీ ఈ పరీక్షకు హాజరయ్యారు.

లివర్‌పూల్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎక్కువమందికి మళ్లీ పరీక్షలు జరిగిన ప్రాంతాలలో ఆత్మహత్యలు, మానసిక సమస్యలు, కుంగుబాటు మందుల వాడకం ఎక్కువగా పెరిగినట్లు వారు గమనించారు. వారి అంచనా ప్రకారం ఆ మూడేళ్లలో అదనంగా సంభవించిన ఆత్మహత్యలు సుమారు 590. పరీక్షే ఈ మరణాలకు కారణమని ఇటువంటి అధ్యయనం ఖచ్చితంగా రుజువు చేయలేదు. పరిశోధకులు కూడా అలా చెప్పలేదు. కానీ ఇంత పెద్ద హెచ్చరికను పక్కన పెట్టడం ఎవరికీ తగదు.

డబ్బు ఆదా అయిందా అంటే అదీ అనుమానమే. 2016 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం, ఇటువంటి పరీక్షలకు మూడేళ్లలో 160 కోట్ల పౌండ్లు ఖర్చు కానుండగా, ఆదా అవుతుందనుకున్నది 100 కోట్ల పౌండ్లకు మించలేదు. పని సామర్థ్య పరీక్ష ఒక్కొక్కదానికి ఖర్చు 115 పౌండ్ల నుంచి 190 పౌండ్లకు పెరిగింది.

ఆ దేశం వేరు, ఆ పద్ధతి వేరు. అయినా ఒక పాఠం మనకూ వర్తిస్తుంది. తొందరపడి, ఎక్కువమందిని తక్కువ సమయంలో పరీక్షిస్తే తప్పులు జరుగుతాయి. ఆ తప్పులను దిద్దడానికి అప్పీళ్లు, మళ్లీ పరీక్షలు, మళ్లీ ఖర్చు తప్పవు. మొదటిసారే నిదానంగా, గౌరవంగా చూస్తే అందరికీ ఖర్చు తగ్గుతుంది. ఇక మెరుగుపడే అవకాశం లేదని తేలినవారికి శాశ్వత ధృవపత్రం ఇవ్వాలని నియమాలు చెబుతున్నాయి. తెగిపోయిన కాలు మళ్లీ మొలిచిందా అని మూడేళ్లకొకసారి పిలిచి చూడవలసిన అవసరం ఎవరికీ లేదు.

పరీక్షకు వెళ్లేముందు కుటుంబం గుర్తుంచుకోవలసినవి

1. దరఖాస్తు సచివాలయంలో గానీ, మీసేవలో గానీ అడిగి తెలుసుకోండి. 2024 అక్టోబరులో సవరించిన నియమాల ప్రకారం ధృవపత్రానికీ, యూడీఐడీ కార్డుకూ కేంద్ర పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. కార్డు రంగు వైకల్యాన్ని బట్టి ఉంటుంది: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 79 వరకు పసుపు, 80 ఆపైన నీలం.

2. పాత కాగితాలు పారేయకండి. డిశ్చార్జి సమ్మరీలు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ వివరాలు, మందుల చీటీలు అన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టండి. ఒరిజినల్స్ చూపించి జిరాక్సులు ఇవ్వండి. మా ఆసుపత్రిలో చికిత్స పొందినవారు పాత రికార్డు కావాలంటే రికార్డు రూములో ఓపీ చీటీ నంబరు చెప్పి అడగండి.

3. ఒక నెల రోజుల పాటు చిన్న నోటు పుస్తకంలో రాయండి. ఏ పనికి ఎవరి సాయం కావలసి వచ్చింది, ఎన్నిసార్లు పడిపోయారు, ఎన్నిసార్లు మూర్ఛ వచ్చింది, ఏ రోజు మంచం దిగలేదు. ముఖ్యంగా మానసిక వ్యాధి, బుద్ధిమాంద్యం, మూర్ఛలు ఉన్నవారికి ఇది చాలా ఉపయోగం.

4. ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఎక్కువ చేసి చెప్పవద్దు. సిగ్గుపడి తక్కువ చేసి కూడా చెప్పవద్దు. "అన్నీ చేసుకుంటాడు సార్" అని గౌరవం కోసం అనేసి, బయటకు వచ్చి ఏడ్చేవారు చాలామంది ఉన్నారు.

5. కాలిపర్, కర్ర, కృత్రిమ కాలు, వినికిడి యంత్రం తొడుక్కునే వెళ్లండి. పరీక్ష సమయంలో విప్పి చూడమని మర్యాదగా అడగండి.

6. ఆసుపత్రులలో వికలాంగులకు ముందుగా చూసే ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉంది. ఎక్కువసేపు కూర్చోలేనివారు ఉంటే ఆ మాట చెప్పి అడగండి.

7. దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం తీసుకోకుండా రావద్దు. నిర్ణయం తప్పనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోని 59వ సెక్షన్ ఇస్తోంది. నోటీసులో రాసిన గడువు దాటనివ్వకండి. అరవై ఏళ్లు నిండినవారు వృద్ధాప్య పింఛనుకు అర్హత ఉందేమో కూడా అదే సమయంలో అడగండి.

8. వికలాంగులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో విచారించండి.

9. దిగులుతో నిద్ర పట్టకపోయినా, బ్రతకాలని లేదన్న మాట ఇంట్లో ఎవరి నోట వినిపించినా ఆలస్యం చేయకండి. టెలి మానస్ నంబరు 14416. రాత్రింబవళ్లు ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. లేదా మా ఓపీకి తీసుకురండి.

సంఘ కుటుంబాలు చేయగలిగినవి

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు 22 లక్షల 66 వేల మంది. అంటే ప్రతి సంఘంలోనూ, ప్రతి పేటలోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. మీ చుట్టుపక్కల వారెవరో మీకు తెలుసు.

ఆదివారం ఆరాధన అయిపోయిన తరువాత, ఈ నెలలో క్యాంపుకు వెళ్లవలసినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగితే చాలు. బండి ఉన్నవారు ఒక పూట బండి ఇవ్వవచ్చు. చదువుకున్న యువకులు నోటీసు చదివి పెట్టి, ఫైలు సర్ది, ఆన్‌లైన్ దరఖాస్తు నింపవచ్చు. స్త్రీల సమాజంవారు తల్లికి తోడుగా వెళ్లవచ్చు. ఆ తల్లి కాగితాల కోసం కౌంటరు దగ్గర నిలబడితే, బిడ్డ దగ్గర కూర్చోవడానికి ఒక మనిషి కావాలి కదా. ఇంటి దగ్గర మిగిలిన పిల్లలకు ఆ పూట అన్నం పెట్టవచ్చు. పైన వేసిన లెక్కలో ఆటో ఖర్చు, ఒకరి కూలి ఇట్లాగే తగ్గిపోతాయి. తోడు ఉంటే అవమానం కూడా కొంత తగ్గుతుంది.

మరొక మాట. పక్కింటి వికలాంగుడు కాస్త నవ్వినా, నాలుగడుగులు నడిచినా "వీడికి పింఛను ఎందుకు?" అని అరుగుల మీద కూర్చుని అనకండి. బయట నాలుగడుగులు నడిచిన మనిషి ఇంటికి వెళ్లి రెండు రోజులు మంచాన పడి ఉండవచ్చు. అనుమానం ఉంటే అధికారులు ఉన్నారు, చట్టం ఉంది.

మొదట చెప్పిన ఆయన సంగతి చెప్పి ముగిస్తాం. క్యాంపు రోజున ఆయన కాలిపర్ తొడుక్కునే వెళ్లారు. ఫైలులో మేము ఇచ్చిన కండరాల పరీక్ష రిపోర్టు ఉంది. అక్కడి డాక్టరు విప్పించి, కాలు చూసి, రాసుకున్నారట. పింఛను కొనసాగుతోంది. అందరికీ ఇట్లాగే జరుగుతుందని మేము హామీ ఇవ్వలేం. ఈ మధ్య ఆయన మళ్లీ వచ్చారు. కాలిపర్ బెల్టు తెగింది, కొత్తది వేయమని అడిగారు. తోలు అరిగిపోయి, మడమ దగ్గర బురద అంటుకుని ఉంది. చేను గట్టు మీద నడుస్తున్నారట.

బెల్టు మార్చి ఇచ్చాం. ఈసారి గోనె సంచి తేలేదు.